ఆయన ఎందుకు లేచారు?



నేను ముప్పై మూడేళ్లు నర్సుగా పనిచేశాను. మొదటి పాతికేళ్లు ఆసుపత్రి వార్డుల్లో, చివరి ఎనిమిదేళ్లు హైదరాబాదులో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో. ఇవాళ మీతో ఒక ముడి గురించి మాట్లాడాలని వచ్చాను. మణికట్టు చుట్టూ కాస్త దూది పెట్టి, రోలర్ బ్యాండేజీ గుడ్డను రెండు చుట్లు చుట్టి, రెండో కొసను మంచం ఇనుప చువ్వకు బిగిస్తాం. అర నిమిషం కూడా పట్టదు. నర్సింగ్ స్కూల్లో ఆ ముడిని నాకెవరూ పాఠంగా చెప్పలేదు. నైట్ డ్యూటీలో సీనియర్లను చూసి నేర్చుకున్నాను. నా తర్వాత వచ్చిన పిల్లలు నన్ను చూసి నేర్చుకున్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి. తుంటి విరిగి ఆపరేషనైన ఒక ముసలావిడ. యూరిన్ పైపు వేసి ఉంది. పన్నెండు దాటాక ఆ పైపు పీకేసుకోబోయింది. ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. వార్డులో నలభై మంచాలు, ఇద్దరు నర్సులం, ఒక ఆయా. మూడోసారికి వెళ్లి రెండు చేతులూ కట్టేశాను. ఆవిడ ‘అమ్మా, అమ్మా’ అంటూనే ఉంది. తెల్లవారుజామున డ్యూటీ అప్పగించే ముందు దుప్పటి తీసి చూస్తే, పైపు ఆవిడ తొడ కింద మడత పడి ఉంది. సంచిలో చుక్క లేదు. పొత్తికడుపు కుండలా ఉబ్బి ఉంది. మడత సరిచేయగానే సంచి నిండడం మొదలైంది. ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి నిద్రలోకి జారుకుంది. మతి చలించి పైపు పీకుతోందనుకున్నాను. ఆవిడ మాత్రం బాధ ఎక్కడుందో నాకు చేత్తో చూపిస్తోంది. నేను ఆ చేతిని కట్టేశాను.

ఇన్నేళ్లయినా ఆ తెల్లవారుజాము నాకు గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే ఈ ముడి గురించి ఎక్కడ ఎవరు ఏం రాసినా వెతుక్కుని చదివాను.

ఆ రాతల్లో వచ్చే నర్సింగ్ హోమ్ అనే మాటకు మన దగ్గర అర్థం వీధి చివర డాక్టరుగారి చిన్న ఆసుపత్రి. కాన్పులకూ చిన్నా చితకా ఆపరేషన్లకూ వెళతాం. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే సంరక్షణాలయం అది. ఇప్పుడు మన నగరాల్లోనూ అలాంటివి వచ్చాయి. బోర్డుల మీద పేర్లు రకరకాలుగా ఉంటాయి కానీ, లోపల ఉండేది పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, పిల్లలు దూర దేశాల్లో ఉన్నవాళ్లు.

అమెరికాలో 1980లలో ఇలాంటి సంరక్షణాలయాల్లో ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు నలుగురిని ఏదో ఒక రకంగా కట్టి ఉంచేవారని అప్పటి అంచనా. ఛాతీకి తొడిగి వెనకనుంచి కుర్చీకి బిగించే చొక్కా, నడుముకు బెల్టు, మణికట్లకు పట్టీలు, వేళ్లు ఆడకుండా మూటలాంటి తొడుగులు. వీటిని కంపెనీలు తయారుచేసి అమ్మేవి. కట్టినవాళ్లు కఠినాత్ములేమీ కారు. పడిపోతారేమోనన్న భయం, పడితే ఇంటివాళ్లు కోర్టుకెక్కుతారన్న భయం, రాత్రిపూట చాలినంత మంది లేని ఇబ్బంది. ఈ మూడూ నేనూ పడ్డవే.

అదే కాలంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు 1973లో మొదలుపెట్టిన కెండల్ అనే వృద్ధుల నివాసంలో తొలి రోజు నుంచీ ఎవరినీ కట్టలేదు. అక్కడి వృద్ధులు వేరే మట్టితో చేసినవాళ్లు కారు, మతిమరుపు వాళ్లకూ ఉంది. ఇక పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నెవిల్ స్ట్రంఫ్, లోయిస్ ఎవాన్స్ అనే ఇద్దరు ఆచార్యులు, కట్టడం వల్ల మేలు జరుగుతుందన్న రుజువు ఎక్కడుందని అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి 1989లో అచ్చువేశారు. ఆ రుజువు దొరకలేదు. ఆ ఇద్దరూ నర్సులే. ఈ మాట చెబుతుంటే నాకు ఛాతీ పొంగుతుంది.

1987 డిసెంబరులో అమెరికా చట్టసభ నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం చేసింది. 1990 అక్టోబరు నుంచి అమలు మొదలుపెట్టారు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల సొమ్ము తీసుకునే ఏ సంరక్షణాలయమైనా సరే, శిక్షగా గానీ సిబ్బంది సౌకర్యం కోసం గానీ మనిషిని కట్టకూడదు. వైద్యపరంగా అవసరమైతేనే కట్టాలి. దేన్ని కట్టడం అనాలో అక్కడి నిబంధనలు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. ఒంటిమీద గానీ ఒంటిపక్కన గానీ పెట్టినది ఏదైనా, దాన్ని ఆ మనిషి తనంతట తాను తేలిగ్గా తీసుకోలేకపోతే, దానివల్ల కదలలేకపోతే, అది కట్టడమే. అంటే తాడే అక్కర్లేదు. లేవకుండా పరుపు కింద బిగించి దోపిన దుప్పటీ కట్టే. కూర్చున్న మనిషి ఒళ్లోకి బిగించిన భోజనం బల్లా కట్టే. ఈ కొలత పట్టుకుని మన ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో ఒక్కసారి తిరిగి చూడండి. మనం కట్టు అనుకోని కట్లు ఎన్నో కనబడతాయి.

ఆ దేశంలో రోజూ కట్టి ఉంచే వృద్ధులు 1991లో నూటికి 21 మంది, 2007 నాటికి నూటికి 5. మరి విప్పేశాక జనం టపటపా పడిపోయారా? ఈ ప్రశ్న నన్ను అందరూ అడుగుతారు, అడగాల్సిందే. యేల్ విశ్వవిద్యాలయంలో మేరీ టినెట్టి అనే డాక్టరు, ఆమె తోటివారు కనెక్టికట్ రాష్ట్రంలో పన్నెండు సంరక్షణాలయాల్లో 397 మందిని కనిపెట్టి చూసి 1992లో ఫలితం చెప్పారు. కట్టనివాళ్లలో నూటికి 5 మందికి పడి పెద్ద దెబ్బలు తగిలాయి. కట్టినవాళ్లలో నూటికి 17 మందికి. బలహీనంగా ఉన్నవాళ్లనే కట్టి ఉంటారు కదా, అందుకే వాళ్లకు దెబ్బలెక్కువ అని మీకు తోచవచ్చు. వాళ్లకూ తోచింది. అలాంటి తేడాలన్నీ లెక్కగట్టాక కూడా కట్టుకూ దెబ్బలకూ ఉన్న సంబంధం చెరిగిపోలేదు.

నా అనుభవంలో దీనికి కారణం కండ. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది పెద్దవయసువాళ్లను పది రోజులు మంచంమీదే ఉంచి చూశారు. రెండు కాళ్లలో కలిపి కిలోకు కొంచెం తక్కువ కండ కరిగిపోయింది. జబ్బులేని మనిషికే, పది రోజుల్లో. నెల రోజులు కుర్చీకి కట్టి ఉంచిన ఎనభై ఏళ్ల మనిషి కాళ్లలో ఇంకేం మిగులుతుంది? పడిపోతారని కడతాం, కట్టినందువల్ల కాళ్లలో సత్తువ పోతుంది, ఒకనాడు విప్పగానే పడతారు, పడ్డారు కదా అని మళ్లీ కడతాం. ఈ గుంజ చుట్టూ నేను పాతికేళ్లు తిరిగాను.

ఇక ప్రాణం మాట. స్టీవెన్ మైల్స్ అనే డాక్టరు మరొకరితో కలిసి 1992లో, చొక్కాలు, బెల్టులు, పట్టీలవల్ల పోయిన 122 మంది మరణాలను వివరించారు. ఎక్కువమంది ఆడవాళ్లు. కట్టుతోనే కిందికి జారి, మంచం పక్కనో కుర్చీ ముందో వేలాడి ఊపిరాడక పోయారు. కట్టిన వాళ్ల మాట అలా ఉంచితే, భద్రత కోసమని మనం ఎత్తిపెట్టే మంచం పక్క చువ్వలు కూడా అలాంటివే. 1985 మొదలు 2009 జనవరి 1 దాకా వాటిలో ఇరుక్కుపోయిన ఘటనలు 803, పోయినవాళ్లు 480 మంది అని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్క చెప్పింది. మతి స్థిమితంగా లేని మనిషి చువ్వ ఎత్తి ఉందని ఆగడు. దాన్ని ఎక్కి దాటబోతాడు. అప్పుడు పడేది మంచం ఎత్తునుంచి కాదు, మంచానికి ఇంకో మూరెడు పైనుంచి.

మీ అమ్మమ్మ ఎక్కడ పడుకునేవారో గుర్తు తెచ్చుకోండి. నేలమీద చాప, లేకపోతే కాలు కింద పెడితే నేల తగిలే నులక మంచం. ఆసుపత్రి మంచం డాక్టరూ నర్సూ నడుం వంచనక్కర్లేకుండా పనిచేసుకునే ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తుమీద ముసలి మనిషిని పడుకోబెట్టి, పడిపోతాడేమో అని కట్టేస్తున్నాం. మేం చివర్లో ఆరు మంచాల కాళ్లు వడ్రంగిచేత కోయించాం. కిందికి జారినా జానెడు ఎత్తు, పక్కన మందపాటి బొంత. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అన్నిటికంటే తక్కువ ఖర్చు వైద్యం అదే.

జపాన్ సంగతి చెప్పాలి. 1998లో ఫుకువోకాలో పది ఆసుపత్రులు ఒక్కటై, వృద్ధులను కట్టడం మానేస్తున్నామని ప్రకటించాయి. 2000 ఏప్రిల్‌లో ఆ దేశంలో వృద్ధుల సంరక్షణ బీమా మొదలైనప్పుడు, ఆ పథకం కింద నడిచే సంరక్షణాలయాల్లో కట్టడాన్ని నిషేధించారు. మరుసటి ఏడు ప్రభుత్వమే ఒక చేతిపుస్తకం అచ్చువేసి పంచింది. అందులో చేయకూడనివి పదకొండు రాశారు. ముక్కు గొట్టం పీకుతారని చేతికి తొడుగు వేయడం, డైపర్ విప్పుకుంటారని ఒళ్లంతా ఒకే ముక్కగా ఉండే బట్ట తొడగడం, లేవడానికి వీల్లేని కుర్చీలో కూర్చోబెట్టడం, అతిగా మందులిచ్చి మత్తులో ఉంచడం కూడా అందులో ఉన్నాయి. మరీ తప్పనప్పుడు మూడు షరతులు: ప్రాణానికో ఒంటికో ముప్పు కళ్లముందు ఉండాలి, వేరే దారి ఉండకూడదు, కాసేపటి కోసమే కావాలి. వెంటిలేటర్ గొట్టం పీకేసుకోబోయే మనిషి చెయ్యి నేనూ పట్టి ఆపుతాను, అవసరమైతే కడతాను. అది గంటల మాట. నేను మాట్లాడేది నెలల మాట, ఏళ్ల మాట.

జపాన్ సంరక్షకులు మూడు తాళాల గురించి చెప్పుకుంటారు. ఒంటికి వేసే తాళం, మందుతో వేసే తాళం, మాటతో వేసే తాళం. మందు తాళం చాలా మోసకారి, కంటికి కనబడదు. ఉన్మాదానికి వాడే కొన్ని మందులు మతిమరుపున్న వృద్ధుల్లో మరణాలను పెంచుతున్నాయని అమెరికా 2005లోనే మందు సమాచార పత్రంలో గట్టి హెచ్చరిక వేయించింది. తాడు విప్పి మాత్ర వేస్తే విప్పినట్టు కాదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం మూడో తాళం. ‘కూర్చోండి.’ ‘కదలొద్దు.’ ‘ఇప్పుడు కాదు.’ ‘ఒక్క నిమిషం ఉండమ్మా.’ మాటతో తాళం అంటే ఇదే. చదివిన మర్నాడు డ్యూటీలో నేను ఎన్నిసార్లు ఆ మాటలు అంటున్నానో గమనించాను. మధ్యాహ్నం భోజనాలయ్యే లోపు లెక్క తప్పిపోయింది. ‘ఒక్క నిమిషం’ అన్నచోట ‘ఎక్కడికి వెళ్లాలి పెద్దమ్మా?’ అని అడగడం మొదలుపెట్టాం. పదిసార్లలో ఆరేడుసార్లు వాళ్లు చెప్పింది ఒకటే, బాత్రూమ్. చెప్పలేనివాళ్లకు మేమే వేళ ప్రకారం తీసుకెళ్లాం. మిగతా కారణాలూ అలాంటివే. దాహం. నొప్పి. తడిసిన బట్ట. కళ్లజోడు కనపడకపోవడం. పక్క మంచంమీద ఎవరో కొత్త మనిషి. ముసలి మనిషి ఊరికే లేవడు. ఎందుకు లేచాడో కనుక్కోవడం నర్సు పని. ముడి వేయగానే ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం పోతుంది. అందుకే నాకు ముడి అంటే అంత కోపం.

అంత తీరిక ఎక్కడుంది సిస్టర్ అంటారు. ధర్మంగా కట్టాలంటే రెండు గంటలకోసారి విప్పాలి, చేతులు కదిలించాలి, చర్మం కమిలిందేమో చూడాలి, నీళ్లు పట్టాలి, బాత్రూముకు తీసుకెళ్లాలి. అవన్నీ చేస్తే కట్టిన మనిషికే ఎక్కువ సమయం పడుతుంది. 1993లో అమెరికాలో లెక్కవేసి మరీ ఈ మాట చెప్పారు. కట్టడంవల్ల సమయం కలిసొస్తోందంటే, కట్టి వదిలేస్తున్నామన్నమాట.

మన దేశంలో ఇందుకు చట్టమేముంది? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఇతర కట్లయినా, ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొస్తుంటే, వేరే మార్గం లేకపోతే, సైకియాట్రిస్టు అనుమతితోనే వేయాలంటుంది. దాని వెనక ఏర్వాడి బూడిద ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊళ్లో, పాకల్లో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగుల్లో 28 మంది మంటలంటుకున్నప్పుడు పారిపోలేక చనిపోయారు. అయితే ఆ చట్టం రాసింది మానసిక ఆరోగ్య కేంద్రాల కోసం. ఒక వృద్ధాశ్రమంలో, మధ్యాహ్నం రెండింటికి, పాత చీరముక్కతో కుర్చీకి కట్టి ఉన్న ముసలమ్మను చూసి ఇది తప్పని అనాల్సింది ముందుగా మనమే. వృద్ధుల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది. రాసిపెట్టుకోండి.

మీవాళ్లను ఎక్కడైనా చేర్చేటప్పుడు రిసెప్షన్‌లో అక్వేరియం చూసి రాకండి. రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారో అడగండి. చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లండి. పలకరిస్తూ చెయ్యి పట్టుకుని మణికట్టు చూడండి.

ఇక మా కేంద్రంలో ఉన్న ఒక పెద్దాయన గురించి చెప్పి ముగిస్తాను. నల్గొండ వైపు రైతు. మతిమరుపు జబ్బు. రాత్రి ఒంటిగంటన్నరకో రెండింటికో లేచి తలుపువైపు నడిచేవారు. రెండుసార్లు పడ్డారు. కొడుకు న్యూజెర్సీనుంచి ఫోన్ చేసి, ‘కట్టేయండి సిస్టర్, నేను సంతకం పెట్టి పంపిస్తా. పడితే నేను వచ్చేటప్పటికి రెండు రోజులు పడుతుంది’ అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ప్రేమే. ఒక ఉదయం నేను వెళ్లేసరికి పెద్దాయన నడుం చుట్టూ ఎర్రటి వాత. రాత్రి అటెండెంటు తుండుగుడ్డతో మంచానికి కట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల, ఒక్కతే పద్దెనిమిది మందిని చూసుకుంటోంది. ఆ పిల్లను ఏమనడానికీ నాకు నోరు రాలేదు.

పెద్దాయన పక్కన కూర్చుని ఎందుకు లేస్తున్నారని అడిగాను. ‘కరెంటచ్చింది బిడ్డా. మోటర్ వెయ్యాలె’ అన్నారు.

కొడుకును అడిగితే చెప్పాడు. తెలంగాణలో 2018 జనవరిలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చేదాకా బోరుబావి రైతుకు కరెంటు ఏ రాత్రో వచ్చి పోయేది. ఆయన ముప్పై ఏళ్లు బావి దగ్గర గుడిసెలో బల్బు స్విచ్ వేసే పడుకునేవారట. వెలుతురు ముఖాన పడగానే చీకట్లో పాముల మధ్యనుంచి వెళ్లి మోటారు వేసేవారట. మా దగ్గర డైపర్లు మార్చడానికి రాత్రి ఒంటిగంటన్నరకు వరండాలో ట్యూబులైటు వేసేవాళ్లం. ఆ వెలుతురు తిన్నగా ఆయన మంచంమీద పడేది.

ఆ రోజునుంచి రాత్రి పనికి చిన్న టార్చి వాడమన్నాను. ఆయన చాలా రాత్రులు లేవలేదు. లేచిన రాత్రి ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని స్విచ్‌బోర్డు దాకా నడిపించేది. ఆ తర్వాత ఆయన ఒకసారి పడ్డారు, పట్టపగలు, చెప్పు జారి. మోచెయ్యి గీరుకుంది. ఆ సంగతి కొడుక్కు దాచకుండా చెప్పాను. మీరుండే ఊళ్లో అయితే ఆయన్ని కట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు బాబూ, అని కూడా చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత అడిగాడు, ‘స్విచ్ వేశాక ఏం చేస్తారు సిస్టర్?’

‘నీళ్లు పారుతున్నయా అని అడుగుతారు. పారుతున్నయి తాతా అంటుంది మా పిల్ల. వచ్చి పడుకుంటారు.’